రెండు వాకిళ్లు, ఒక ముగ్గుల పుస్తకం

ఆధార్ కేంద్రంలో మన వంతు వచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఆపరేటర్ ముందున్న మానిటర్ కాక మనవైపు తిరిగి ఉన్న మానిటర్ ఇంకొకటి కనిపిస్తుంది. అతను టైపు చేసే ప్రతి అక్షరం అందులోనూ పడుతుంటుంది. పేరు ఇంగ్లీషులో కొడితే పక్కన తెలుగులోకి దానంతటదే మారుతుంది. చిక్కంతా అక్కడే. "బాబూ, మా ఇంటిపేరులో 'ళ' పడాలి, 'ల' కాదు" అని పెద్దాయన తెర మీద వేలు పెట్టి చూపిస్తాడు. కుర్రాడు దిద్దుతాడు. నమోదుకు వచ్చినవాళ్లు తమ వివరాలు తామే చూసుకోవాలని ఆధార్ సంస్థ పెట్టిన నియమం వల్ల ఆ రెండో మానిటర్ అక్కడికి వచ్చింది.

రెండు తెరల మీదా ఒకటే బొమ్మ. ఇదేదో అద్దంలో ప్రతిబింబం లాంటిదిలే అని సరిపెట్టుకోవచ్చు. అదే వీధిలో ఉన్న డీటీపీ సెంటర్‌లోకి తొంగి చూస్తే మాత్రం అలా సరిపెట్టుకోలేం. అక్కడా రెండు మానిటర్లే. ఎడమ దాంట్లో స్కాన్ చేసిన రాతప్రతి, కుడి దాంట్లో పేజ్‌మేకర్‌లో కడుతున్న పేజీ. ఎడమ తెరలో ఉన్న ఫొటో కిటికీని మౌస్‌తో పట్టుకుని లాగితే, అది అంచు దాటి, రెండు మానిటర్ల నడుమ ఉన్న జానెడు గాలిని కూడా దాటి కుడి తెరలో తేలుతుంది. బల్ల కింద ఉన్న సీపీయూ డబ్బా మాత్రం ఒక్కటే.

ఒక్క కంప్యూటర్ రెండు వేరు వేరు బొమ్మలు ఎలా చూపిస్తుంది? రెండోది తగిలిస్తే మొదటిది నెమ్మదించదూ? మా ఇంట్లో వైరు సరిగ్గానే పెట్టాను కదా, 'నో సిగ్నల్' అంటుందేం? ఇవన్నీ నన్ను అడిగిన ప్రశ్నలే. చివరిదాన్ని నన్ను నేనే ఒక సాయంత్రమంతా అడుక్కున్నాను. చూడబోతే మూడింటి జవాబూ ఒకచోటే ఉంది: తెర మీదికి బొమ్మ వచ్చే దారిలో.

ఫోన్‌లో చెప్పే ముగ్గు

ధనుర్మాసం. అక్క ఊళ్లో ఉంది, చెల్లెలు పట్నంలో ఉంది. అక్క దగ్గర గళ్ల నోటుపుస్తకం ఉంది. గడికో రంగు చొప్పున అందులో ఒక ముగ్గు వేసి ఉంది. చెల్లెలి దగ్గర కడిగి ఆరిన వాకిలి, రంగుల డబ్బాలు ఉన్నాయి. పుస్తకం పంపే వీలు లేదు, ఫోన్ మాత్రం ఉంది. అక్క పై వరస ఎడమ చివర మొదలుపెట్టి చదువుతుంది: "తెలుపు, తెలుపు, ఎరుపు, ఎరుపు, పసుపు..." చెల్లెలు చుక్క చుక్కా వేసుకుంటూ పోతుంది. వరస అయిపోగానే అక్క ఒక క్షణం ఆగి "కింది వరస" అంటుంది. చెల్లెలు వెనక్కి వచ్చి మళ్లీ ఎడమ నుంచి అందుకుంటుంది. ఆఖరి వరస కూడా అయ్యాక "మళ్లీ మొదట్నుంచి" అని అక్క కేక.

కంప్యూటర్ నుంచి మానిటర్‌కు బొమ్మ వెళ్లేది అచ్చంగా ఇలాగే. తెర మీది చుక్కను పిక్సెల్ అంటారు. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో వరసకు 1,920 చుక్కలు, అలాంటివి 1,080 వరసలు; మొత్తం 20,73,600 చుక్కలు. గళ్ల నోటుపుస్తకం కంప్యూటర్ మెమరీలో కేటాయించిన ఒక చోటు. దానికి ఫ్రేమ్ బఫర్ అని పేరు. మనం ముగ్గుల పుస్తకం అందాం. ప్రతి గడిలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత పాళ్లలో కలపాలో మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. అన్ని రకాలుగానూ కలిపి చూస్తే 1,67,77,216 రంగులు తేలతాయి. చీరల దుకాణంవాళ్లకు కూడా ఇన్ని రంగులతో పనిలేదు.

ఫోన్ దగ్గర కూర్చున్న అక్క పాత్రను గ్రాఫిక్స్ చిప్పులో డిస్‌ప్లే కంట్రోలర్ అనే భాగం పోషిస్తుంది. దాన్ని చదువరి అందాం. దీనికి బొమ్మ గీయడం రాదు. గీసే చిత్రకారుడు వేరే ఉన్నాడు, గ్రాఫిక్స్ ప్రాసెసర్. చదువరికి చేతనైనది ఒకటే: పుస్తకంలో ఏముంటే అది, అర్థం పట్టించుకోకుండా, పైనుంచి కిందికి చదివేయడం. ఎంత వేగంగా? సెకనుకు 60 సార్లు, మొత్తం పుస్తకాన్ని. సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు.

తెర మీద ఏమీ కదలకపోయినా ఈ పారాయణం ఆగదు. మీరు ఈ-పేపర్ తెరిచి పెట్టి కాఫీకి వెళ్లినా, పది నిమిషాల తరవాత వచ్చి చూస్తే కనిపించే ఆ కదలని పేజీ అప్పటికి 36,000 సార్లు కొత్తగా వేసిన ముగ్గు. ఎందుకంటే మానిటర్‌కు చెప్పుకోదగ్గ జ్ఞాపకం లేదు. ఇప్పటి ఎల్‌సీడీ తెరలో చుక్క తన రంగును తరవాతి విడత వచ్చేదాకా పట్టుకుని ఉంటుంది, అంతే. వైరు పీకి చూడండి, నాలుగు సెకన్లలో నల్లబడుతుంది. తెలివంతా డబ్బాలో ఉంది, తెర ఉత్త వాకిలి.

వరస వరసకీ మధ్య అక్క ఆగే క్షణం సంగతి ఒకటి చెప్పాలి. పాతకాలపు బరువైన గాజు మానిటర్లలో ఎలక్ట్రాన్ల పుంజం కుడి చివరకు వెళ్లి మళ్లీ ఎడమకు రావడానికి ఆ విరామం నిజంగానే అవసరమయ్యేది. ఇప్పుడు పుంజమూ లేదు, వెనక్కి రావడమూ లేదు. అలవాటు మాత్రం మిగిలింది. 1,920 చుక్కల వరసకు 2,200 చుక్కలకు పట్టేంత సమయం ఇస్తారు, 1,080 వరసలకు 1,125 వరసలంత సమయం. వృథాగా పోతున్న ఆ ఖాళీని హెచ్‌డీఎంఐ రూపకర్తలు చక్కగా వాడుకున్నారు. మీ టీవీలో పాట వినిపించేది ఆ విరామాల్లోంచే: బొమ్మ చదవడం ఆపిన క్షణాల్లో శబ్దం తాలూకు అంకెలు దూరి వెళతాయి.

ఇద్దరు చదువరులు

ఇప్పుడు రెండో మానిటర్ రహస్యం సగం విప్పినట్టే. రెండు వాకిళ్లలో రెండు వేరు ముగ్గులు కావాలంటే రెండు కంప్యూటర్లు అక్కర్లేదు. ముగ్గుల పుస్తకంలో ఇంకో పేజీ, దాన్ని ఇంకో ఫోన్‌లో చదివి వినిపించడానికి ఇంకో చదువరి చాలు.

ఆధార్ కేంద్రంలో ఇద్దరు చదువరులూ ఒకే పేజీ చదువుతున్నారు. దీన్ని డూప్లికేట్ అంటారు. డీటీపీ సెంటర్‌లో ఎవరి పేజీ వారిది. అది ఎక్స్‌టెండ్. విండోస్ మీట పట్టుకుని పి అక్షరం నొక్కితే వచ్చే పట్టీలో కనిపించే మాటలు ఇవే. ఒకే పేజీని ఇద్దరూ చదవడంలో ఒక ఇబ్బంది ఉంది. రెండు వాకిళ్లూ ఒకే కొలత కాకపోతే ఇద్దరికీ సరిపడే కొలతలో పుస్తకం గీయాలి. క్లాసులో పాత ప్రొజెక్టర్ తగిలించగానే మాస్టారి లాప్‌టాప్‌లో అక్షరాలు మసకబారడానికి కారణం అదే. ప్రొజెక్టర్‌కున్న 1,024 చుక్కల వెడల్పుకు ఆయన తెర కూడా దిగిపోయింది.

మరి రెండోది పెడితే కంప్యూటర్ నెమ్మదిస్తుందా? లెక్క వేద్దాం. చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక ఫుల్ హెచ్‌డీ పేజీ దాదాపు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 సార్లు చదివితే సుమారు 50 కోట్ల బైట్లు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ మామూలు డీడీఆర్4 ర్యామ్ స్టిక్ ఒక్కటే సెకనుకు దాదాపు 2,000 కోట్ల బైట్లు అందించగలదు. అంటే రెండో చదువరి తినేది అందులో నలభయ్యో వంతు. టైపింగ్‌కు, లెక్కలకు, సినిమా చూడటానికి మీకు తేడా తెలియదు. రెండు తెరల మీదా పరుచుకునేలా ఆట ఆడితే మాత్రం తెలుస్తుంది. అప్పుడు అలిసిపోయేది చదువరి కాదు, ప్రతి విడతకూ రెట్టింపు చుక్కలు గీయాల్సిన చిత్రకారుడు. దుకాణంలో "రెండు మానిటర్లకు పెద్ద కార్డు కావాలండీ" అని ఎవరైనా అంటే, గేములు ఆడతామో లేదో ఆయన ముందుగా అడిగాడా అన్నది గమనించండి.

చదువరులు ఎంతమంది ఉంటారన్నది చిప్పును చేసినప్పుడే తేలిపోతుంది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండే ఇంటెల్ చిప్పుల్లో 2011 నాటి శాండీ బ్రిడ్జ్ తరానికి రెండు తెరలే. 2012లో ఐవీ బ్రిడ్జ్‌తో మూడయ్యాయి. డబ్బా వెనక సాకెట్లు ఎన్ని ఉన్నాయన్నది వేరే లెక్క. నాలుగు సాకెట్లున్నా చదువరులు ముగ్గురే అయితే, నాలుగో వాకిలి కడిగి కూర్చోవడమే.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1981లో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌తో రెండు రకాల కార్డులు అమ్మింది. ఒకటి అక్షరాలు మాత్రమే చూపేది, 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు. రెండోది రంగుల బొమ్మల కార్డు. ఒకదాని పుస్తకం 4 కిలోబైట్లు, ఇంకోదానిది 16. రెండింటికీ మెమరీలో వేరు వేరు గదులు ఇచ్చారు కనుక రెండు కార్డులూ ఒకే డబ్బాలో కలిసి కాపురం చేయగలిగాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లు దీన్ని వదల్లేదు: రంగుల తెర మీద ప్రోగ్రాము నడుస్తుంటే, పక్కన ఆకుపచ్చ అక్షరాల తెర మీద దాని తప్పులు పట్టుకునేవారు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 లెక్కల పట్టికను ఒక తెర మీద, దాని గ్రాఫును ఇంకో తెర మీద చూపేది.

ఆ అక్షరాల కార్డు గురించి మనలాంటివాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఒకటి ఉంది. దానికి బొమ్మలు రావు, తనలో ముందే చెక్కిపెట్టుకున్న అక్షరాలే వస్తాయి. గడికొక అక్షరం. గుడులూ కొమ్ములూ వత్తులూ ఉన్న లిపికి అందులో చోటు లేదు. థాయ్‌లాండ్ నుంచి అమెరికా వచ్చిన వాన్ సువన్నుకుల్ అనే ఇంజినీరుకు తన థాయ్ అక్షరాలతో ఇదే బాధ ఎదురైంది. ఆయన తన అవసరానికి చేసుకున్న కార్డే 1982లో హెర్క్యులిస్ గ్రాఫిక్స్ కార్డుగా బజారుకు వచ్చింది. 720 చుక్కల వెడల్పు, 348 ఎత్తు. చుక్క చుక్కనూ విడిగా వెలిగించవచ్చు, కాబట్టి ఏ లిపైనా గీయవచ్చు. ప్రపంచమంతా దాన్ని కొన్నది గ్రాఫుల కోసం. పుట్టింది మాత్రం మాతృభాష కోసం.

రెండు తెరల్నీ ఒకే నేలగా కలపడం తరవాతి మెట్టు. ఐబీఎం ఏర్పాటులో ఆ రెండూ ఇరుగుపొరుగు ఇళ్లు, మధ్య గోడ ఉంది. 1987లో ఆపిల్ తెచ్చిన మాకింటోష్ II ఆ గోడ తీసేసింది. ఆరు కార్డులు పట్టే ఆ యంత్రంలో ఆరు తెరల దాకా పక్కపక్కన పేర్చి, ఒక కిటికీని అన్నింటి మీదుగా లాక్కుపోవచ్చు. విండోస్‌లో ఇళ్లలో వాడేవాళ్లకు ఈ సౌకర్యం 1998లో, విండోస్ 98తో దక్కింది. తొమ్మిది తెరల వరకూ అంది మైక్రోసాఫ్ట్. అప్పట్లో మా వీధిలో ఇంటికో తెర కూడా లేదు, అది వేరే సంగతి.

జాతకాలు కుదరాలి

రెండో మానిటర్ వైరు గుచ్చగానే ఒక వింత జరుగుతుంది. మొదటి తెర కూడా ఒకసారి నల్లబడి, రెప్పపాటు ఆగి, తిరిగి వెలుగుతుంది. పాడైందేమోనని గుండె గుభేలుమంటుంది. నిజానికి అప్పుడు జరుగుతున్నది జాతకాలు చూసుకోవడం.

చెల్లెలి వాకిలి ఎంత వెడల్పో తెలియకుండా అక్క చదవడం మొదలుపెడితే సగం ముగ్గు వీధిలో పడుతుంది. అందుకని ప్రతి మానిటర్‌లోనూ తన వివరాలు రాసి ఉంచిన చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. ఆ వివరాల పట్టికను ఈడీఐడీ అంటారు. 1994లో వీసా అనే ప్రమాణాల సంఘం దీన్ని తయారుచేసింది. పాస్‌పోర్టు మీద కొట్టే వీసాకూ దీనికీ చుట్టరికం లేదు. అసలు పట్టిక 128 బైట్లు మాత్రమే, ఈ పేరాలో ఉన్నన్ని అక్షరాలు కూడా పట్టవు. కానీ అందులో మానిటర్ ఎవరి బిడ్డ, ఏ సంవత్సరం ఏ వారంలో పుట్టింది, సెంటీమీటర్లలో ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఏయే చుక్కల లెక్కలు ఒప్పుకుంటుంది, వాటిలో దేన్ని ఎక్కువ ఇష్టపడుతుంది అన్నీ ఉంటాయి. జాతకం అనే మాట తమాషాకు వాడలేదు, పుట్టిన వారంతో సహా రాసేది జాతకం కాక మరేమిటి?

హెచ్‌డీఎంఐ కేబుల్ మొనలో 19 పిన్నులుంటాయి. పద్దెనిమిదో పిన్ను ద్వారా కంప్యూటర్ మానిటర్‌కు 5 వోల్టులు పంపుతుంది. జాతకం చిప్పుకు ఆ కాస్త కరెంటు చాలు. పంతొమ్మిదో పిన్ను మీద మానిటర్ "వచ్చాను" అని పలుకుతుంది. వెంటనే కంప్యూటర్ ఇంకో రెండు సన్నని వైర్ల మీదుగా జాతకం చదువుకుంటుంది, ఆ కొలతకు పుస్తకంలో పేజీ కేటాయిస్తుంది, ఖాళీగా ఉన్న చదువరిని పిలిచి ఆ ఫోను దగ్గర కూర్చోబెడుతుంది, తెరలన్నింటినీ కొత్త వరసలో సర్దుతుంది. ఆ సర్దుబాటులోనే మొదటి తెర కూడా రెప్ప వేసింది.

మిగతా పిన్నుల్లో చాలావరకు ముగ్గు చదివే పనికి. ఇక్కడ పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ ఉన్న తేడా ముచ్చటైనది. నీలం రంగు మొన, మూడు వరసల్లో 15 పిన్నులు ఉండే వీజీఏ కేబుల్ మీకు గుర్తుండే ఉంటుంది. 1987లో ఐబీఎం దాన్ని ప్రవేశపెట్టింది. అందులో రంగు ఎంత గాఢమో వోల్టేజీ అంత: సున్నా అయితే చీకటి, 0.7 వోల్టు అయితే పూర్తి వెలుగు. అంటే అక్క "ఎరుపు" అని చెప్పదు, ఎరుపు ఎంత కావాలో గొంతు పెంచి తగ్గించి తెలియజేస్తుంది. దారిలో రొదో, ప్రతిధ్వనో చేరితే గొంతు మారుతుంది, రంగు మారుతుంది. పొడుగాటి వీజీఏ కేబుల్‌లో అక్షరాల పక్కన నీడలు పడేది అందుకే.

2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐ అంకెల్నే పంపుతుంది. ఒకటి, సున్నా, అంతే. పైగా ప్రతి సంకేతాన్నీ మెలివేసిన రెండు తీగల మీద పంపుతుంది: ఒకదాంట్లో వోల్టేజీ పెరిగితే ఇంకోదాంట్లో అంతే తగ్గుతుంది. అవతలి చివర ఆ రెండింటి తేడాను మాత్రమే చూస్తారు. సంతలో కూరగాయలమ్మి తక్కెడ మొత్తాన్ని అర అడుగు పైకెత్తినా ఏ పళ్లెం బరువో మారదు కదా. బయటినుంచి వచ్చే రొద రెండు తీగల్నీ ఒకేలా ఎత్తుతుంది, తేడా చెక్కుచెదరదు. సెకనుకు దాదాపు 300 కోట్ల ఒకట్లూ సున్నాలూ ఆ సన్నని వైరు గుండా తప్పు లేకుండా వెళ్లడం వెనక ఉన్నది ఈ తక్కెడే.

2006లో వీసా సంఘం ఇచ్చిన డిస్‌ప్లేపోర్ట్ ఇంకో అడుగు వేసింది. అందులో చుక్కలు ధారగా పోవు. చిన్న చిన్న మూటలు కట్టుకుని పోతాయి, రైలు బోగీల్లాగా. బోగీలన్నాక వేరు వేరు ఊళ్లవి ఒకే రైలుకు తగిలించవచ్చు. 2010 నాటి డిస్‌ప్లేపోర్ట్ 1.2లో అదే చేశారు. కంప్యూటర్ నుంచి ఒక్క కేబుల్ మొదటి మానిటర్‌కు, ఆ మానిటర్ వెనకనుంచి ఇంకో కేబుల్ రెండోదానికి. జంక్షన్‌లో నాలుగు బోగీలు విడదీసి మిగిలిన రైలును ముందుకు పంపినట్టు, మొదటి మానిటర్ తన చుక్కలు దించుకుని మిగతావి సాగనంపుతుంది. ఇందుకు మొదటి మానిటర్‌కు బయటికి పంపే సాకెట్ కూడా ఉండాలి. చవక మానిటర్లలో అది ఉండదు.

పైది కాదు, కిందిది

ఇక నా సాయంత్రం కథ. గ్రాఫిక్స్ కార్డు ఉన్న డబ్బాకు రెండో మానిటర్ పెడుతున్నాను. డబ్బా వెనక పైభాగంలో ఒక హెచ్‌డీఎంఐ సాకెట్, దానికి నల్లటి ప్లాస్టిక్ మూత. అడుగున, అడ్డంగా ఉన్న పట్టీలో మరో మూడు సాకెట్లు. అందులో ఒకదానికి మొదటి మానిటర్ ఉంది. మిగిలినవి వేరే ఆకారంలో ఉన్నాయి, నా దగ్గరున్నది హెచ్‌డీఎంఐ కేబుల్. నేనేం చేశానంటే, శ్రద్ధగా మూత పీకి, పైదాంట్లో గుచ్చాను. నో సిగ్నల్. కేబుల్ మార్చాను. మానిటర్ మార్చాను. డ్రైవర్లు తీసి మళ్లీ ఎక్కించాను. రాత్రి తొమ్మిదికి రిపేరు కుర్రాడికి ఫోన్ చేస్తే, నేను రెండు వాక్యాలు చెప్పకముందే అన్నాడు: "సార్, పైన పెట్టారా? పైది కాదు, కిందిది. ఆ మూత ఊరికే పెట్టలేదు సార్."

పైనున్న సాకెట్లు మదర్‌బోర్డువి. వాటికి చదివి వినిపించే చదువరి ప్రాసెసర్ లోపల ఉంటుంది. కింద అడ్డపట్టీలో ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి, వాటి చదువరులు కార్డులో ఉంటారు. కార్డు కనిపించగానే చాలా మదర్‌బోర్డులు ప్రాసెసర్‌లోని చదువరికి సెలవిచ్చేస్తాయి. ఖాళీ ఇంటికి ఫోన్ చేస్తున్నాను నేను. బయోస్‌లోకి వెళ్లి ఆ చదువరిని మళ్లీ పనిలోకి పిలవవచ్చు, ఆ మాటా నిజమే. కానీ అసలు చదువరే లేని ప్రాసెసర్లు ఉన్నాయి. ఇంటెల్‌వాటిలో పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ కోవకు చెందినదే. అప్పుడు మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐ సాకెట్ గోడకు గీసిన తలుపు.

మర్నాడు కుర్రాడు చెప్పినట్టు, కార్డులో ఉన్న డిస్‌ప్లేపోర్ట్ సాకెట్ నుంచి మానిటర్ హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కొన్నాను. ఆ కొనడంలోనూ ఒక మెలిక ఉంది. కార్డుల మీద ఉండే డిస్‌ప్లేపోర్ట్ చాలావరకు రెండు భాషలు తెలిసినది. ఎదుట హెచ్‌డీఎంఐ ఉందని తెలిస్తే దాని భాషే మాట్లాడుతుంది. కేబుల్‌లో ఉండేది వోల్టేజీని సర్దే చిన్న ఏర్పాటు మాత్రమే. కానీ హెచ్‌డీఎంఐకి డిస్‌ప్లేపోర్ట్ భాష రాదు. అందువల్ల అదే కేబుల్‌ను తిప్పి, కంప్యూటర్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్ పెడితే ఏమీ రాదు. అటు వెళ్లాలంటే మధ్యలో దుబాసీ చిప్పు ఉన్న కన్వర్టర్ కావాలి. హెచ్‌డీఎంఐ నుంచి పాత వీజీఏ మానిటర్‌కు వెళ్లడానికీ అంతే, అంకెల్ని వోల్టేజీలుగా మార్చే చిప్పు ఉండాలి. దుకాణదారుకు "రెండు మొనలూ సరిపోతే చాలు" అనకుండా, ఏది కంప్యూటర్ వైపు, ఏది మానిటర్ వైపు అన్నది చెప్పి కొనాలి.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది స్ప్లిట్టర్ దగ్గర. ఒక హెచ్‌డీఎంఐ లోపలికి, రెండు బయటికి. "ఉన్న ఒక్క సాకెట్‌ని రెండు చేసుకుందాం" అని కొంటారు. అది చేసేది ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టడం. ఒక అక్క, ఒక పుస్తకం, వింటున్న వాకిళ్లు రెండు. రెండింట్లోనూ ఒకే ముగ్గు. ఆధార్ కేంద్రానికి సరిగ్గా సరిపోతుంది. డీటీపీ సెంటర్‌కు పనికిరాదు. నిజంగానే సాకెట్ ఒక్కటే ఉన్న డబ్బాకు వేరే తోవ ఉంది, యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్. దానికి గ్రాఫిక్స్ చిప్పులో చదువరితో పనిలేదు. ఒక సాఫ్ట్‌వేర్ పేజీని నకలు తీసి, కుదించి, యూఎస్‌బీ దారిలో పంపుతుంది. అవతల ఉన్న చిప్పు విప్పి మానిటర్‌కు చదివి వినిపిస్తుంది. రాతకోతలకు బాగానే ఉంటుంది. వేగంగా కదిలే వీడియోకు కాస్త వెనకబడుతుంది.

ఎల్లలు

రెండు తెరలూ వెలిగాయి. ఇప్పుడు మౌస్ కుడివైపు జరిపితే ఎడమ తెరలోంచి ఊడిపడుతోంది. ఎందుకంటే మానిటర్లు బల్ల మీద ఎలా కూర్చున్నాయో కంప్యూటర్‌కు కళ్లు లేవు చూడటానికి. జాతకంలో ఎత్తూ వెడల్పూ ఉన్నాయి కానీ పక్కింటివారెవరో లేదు. అది మనమే చెప్పాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రాసిన రెండు పెట్టెలు కనిపిస్తాయి. బల్ల మీద ఉన్న వరసలో వాటిని లాగి పెడితే చాలు.

ఆ పెట్టెలు సర్వే పటంలాంటివి. ప్రధాన తెర పై ఎడమ మూలను కంప్యూటర్ సున్నా అనుకుంటుంది. అక్కడినుంచి కుడివైపు 1, 2, 3 అని చుక్కలు లెక్కపెడుతుంది. రెండో తెరను కుడివైపు పెడితే దాని మొదటి చుక్క 1,920. ఎడమవైపు పెడితే? అప్పుడది మైనస్ 1,920 నుంచి మైనస్ 1 వరకు. లెక్కల మాస్టారు సంఖ్యారేఖ గీసి రుణ సంఖ్యలు ఎందుకో చెబుతుంటే ఆవలించినవాళ్లందరూ ఇప్పుడు రోజూ వాటి మీద మౌస్ నడుపుతున్నారు. రుణ సంఖ్యల సంగతి మరిచిపోయిన పాత ప్రోగ్రాముల్లో కొన్ని, ఎడమ తెరలో మెనూ నొక్కితే దాన్ని కుడి తెర అంచున తెరిచేవి.

రెండు తెరల ఎత్తు వేరైతే ఎల్లలో మెట్టు వస్తుంది. 1,080 వరసల తెర పక్కన 768 వరసల పాతదాన్ని, పై అంచులు కలిపి పెడితే, పెద్దదాని అడుగు భాగంలో మౌస్ గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. అవతల నేల లేదు మరి.

ఇంతకంటే పెద్ద చికాకు చుక్కల దూరంతో వస్తుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలు. 27 అంగుళాల 4కె తెరలో 163. చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టిన వాకిట్లో అదే పదిహేను చుక్కల ముగ్గు అరచేతిలో ఇమిడిపోతుంది కదా. ఒక తెరలో చక్కగా ఉన్న అక్షరాలు రెండోదాంట్లో చీమలవుతాయి. ఏ తెరకు ఆ తెర పెద్దది చేసి చూపే సదుపాయం విండోస్‌లోకి 2013లో, 8.1తో గాని రాలేదు. దాన్ని పట్టించుకోని ప్రోగ్రాములు కొన్ని ఇప్పటికీ ఎల్ల దాటగానే ఉబ్బుతాయి, మసకేస్తాయి. కొత్తగా కొనేవారు రెండూ ఒకే కొలతవి, కుదిరితే ఒకే మోడల్‌వి కొనుక్కుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది. రంగులు కూడా కాస్త కలుస్తాయి. పూర్తిగా కలవవు, ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన రెండు తెరల మీద కూడా తెలుపు ఒకటి కాదు. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లనడగండి, ఎంతసేపైనా చెబుతారు.

మా ఇంట్లో జరిగింది ఇంకొకటి. రెండో మానిటర్‌ను కరెంటు ఆదా అని దాని మీటతో ఆపేశాను. తరవాత ఉత్తరం టైపు చేద్దామని ప్రోగ్రాము తెరిస్తే కనిపించదు. కింది పట్టీలో దాని గుర్తు ఉంది, నడుస్తూనే ఉంది, తెర మీద మాత్రం లేదు. మౌస్ కూడా కుడి అంచు దాటి ఎక్కడికో పోయి వస్తోంది. ఆపేసిన మానిటర్‌లో జాతకం చిప్పు మాత్రం మేలుకునే ఉంది, కేబుల్ గుండా వచ్చే ఆ 5 వోల్టులతో. దాంతో కంప్యూటర్ లెక్కలో ఆ ఇంట్లో మనుషులున్నట్టే. ఉత్తరాన్ని తీసుకెళ్లి ఆ వాకిట్లోనే పెట్టింది. విండోస్ మీట, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే ఇవతలి తెరలోకి వచ్చింది. అప్పటిదాకా చదువరి దాన్ని ఆ చీకటి వాకిలికి సెకనుకు 60 సార్లు, పై వరస నుంచి కింది వరస దాకా చదివి వినిపిస్తూనే ఉంది.